ఇరవై ఎనిమిది సీసాల బీన్స్

థాంక్స్‌గివింగ్ నాడు వెర్డీ ఇంట్లో టర్కీని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అది తెల్లవారకముందే ఓవెన్లోకి వెళ్ళి తన మానాన తాను కాలుతూ ఉంటుంది. కాస్త ఎండిపోయినా గ్రేవీ పోసుకుని తినేస్తారు. పట్టింపులూ అలకలూ పోటీలూ అన్నీ దాని పక్కన పెట్టే వంటకాల దగ్గరే. ఆ ఉదయం కూడా ఎనిమిదింటికే తల్లీకూతుళ్ళిద్దరూ వంటింట్లో ఒకరి మోచేతులకొకరు అడ్డం పడుతున్నారు.

"ఏమే, ఆ సెలరీని తరుగుతున్నావా, దాంతో కబుర్లాడుతున్నావా?" అంది వెర్డీ.

"నీ గిన్నె సంగతి చూసుకో అమ్మా. హామ్ ఎముక ఇంకా అందులో పడనే లేదు," అంది ట్విలా.

"ఎముక ఎప్పుడు వెయ్యాలో నువ్వా నాకు చెప్పేది! నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ వేస్తున్నా."

వెర్డీకి డెబ్బై ఎనిమిది. భర్త పోయాక కూతురు ట్విలా వచ్చి తోడుంటోంది. కెంటకీ కొండల్లో ఈ లోయ దాటి వెర్డీ ఎక్కడా కాపురం చెయ్యలేదు. ఈ కుటుంబంలో పండగ వంటకాలు ఎవరివి వారివే, ఇంకొకరు ముట్టుకోకూడదు. మొక్కజొన్న రొట్టె చిదిమి, సేజ్ ఆకు వేసి కాల్చే డ్రెస్సింగ్ ట్విలాది. చిలగడదుంపల మీద మార్ష్‌మెల్లో తీపి బిళ్ళలు పరిచి కాల్చేది ట్విలా వదిన జనెల్‌ది. బీన్స్ వెర్డీవి. వేసవిలో తన పెరట్లో కాసినవి కోసి, గాజు సీసాల్లో ఉప్పునీళ్ళతో పట్టి, ఆ సీసాలనే ప్రెషర్ కుక్కర్లో ఉడికించి దాస్తుంది. పండగనాడు హామ్ ఎముక, అంటే ఉప్పులో ఊరిన పంది తొడ ఎముక, వేసి రెండు గంటలు ఉడికిస్తుంది. ఆ ఏడు పట్టిన మొదటి సీసా ఈ రోజునే తెరవాలి. అంతవరకూ నిరుటివే తినాలి. ఇది వెర్డీ పెట్టిన కట్టడి, ఈ ఇంట్లో దాన్ని దాటిన వాళ్ళు లేరు.

మొక్కజొన్న పుడ్డింగ్ మాత్రం ఓపల్ పిన్నిది. ఒక ఏడు ఆమె అందులో పంచదార బదులు ఉప్పు పోసింది. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి ఏడు వెర్డీ కొడుకు డోర్సీ ఆమెకు ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వేం శ్రమపడకు, వచ్చేటప్పుడు ఐసు సంచి ఒకటి పట్రా, చాలు" అన్నాడు, గొంతులో తేనె పోసుకుని. ఆమె ఐసు తెచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి వృద్ధుల ఆశ్రమంలో ఉంది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఐసు మాట ఎవరూ తేలిగ్గా అనరు.

"ఇక్కడ రెండు సీసాలే ఉన్నాయి," అంది వెర్డీ. "కిందికి వెళ్ళి ఇంకో నాలుగు పట్రా. ఆగస్టువి. ముందు వరసలో ఉన్నాయి."

ట్విలా చేతులు తుడుచుకుని వంటింటి కింది గదిలోకి దిగింది. అరల నిండా సీసాలు. మూతల మీద తల్లి రాత, కొంచెం వంకర తిరిగినా పోల్చుకునేట్టే ఉంది. బీన్స్ నిటారుగా, ఒత్తుగా, పచ్చగా నిలబడి ఉన్నాయి. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఒక్క మూత ఉబ్బలేదు. చూస్తే ముద్దొస్తున్నాయి. నాలుగు తీసి బుట్టలో పెట్టుకుని తిరగబోతుంటే కింది అరలో పెద్ద ప్రెషర్ కుక్కర్ కంటబడింది. సీసాలు పట్టడానికే వాడే కుక్కర్ అది. మూత గోడకి ఆనించి ఉంది. మూత లోపలి అంచున గాడి ఖాళీగా ఉంది.

అందులో గాస్కెట్ లేదు.

ట్విలాకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఆ గాస్కెట్ తీసింది తనే. నిరుడు అక్టోబరులో, పగుళ్ళు పట్టిందని, దుకాణంలో చూపించి అలాంటిదే కొత్తది కొందామని తీసి కారు అరలో పడేసింది. ఏడాది దాటింది. అది ఇంకా ఆ అరలోనే ఉంది.

మరి ఆగస్టులో ఈ సీసాలు పట్టిందెలా?

ఆగస్టులో ట్విలా ఇంట్లో లేదు. పిత్తాశయం ఆపరేషన్ వికటించి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి వచ్చేసరికి బల్ల మీద ఇరవై ఎనిమిది సీసాలు వరసగా ఉన్నాయి. "ఒక్కదానివే ఎలా పట్టావమ్మా?" అని మురిసిపోయింది కూడా. "ఎప్పటిలాగే" అంది తల్లి.

మూల నీలం డేగిసా ఉంది. టమాటాలకీ పీచ్ పళ్ళకీ వాడేది. వాటికి మరిగే నీళ్ళు చాలు. బీన్స్‌కి చాలవని ఈ కొండల్లో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. ప్రెషర్ లేకపోతే సీసాలో విషం పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు, రుచి కూడా ఉండదు. ట్విలా డేగిసా మూత ఎత్తి చూసింది. అడుగున సీసాలు నిలబెట్టే చట్రానికి బీన్స్ నారలు రెండు ఎండి అతుక్కుని ఉన్నాయి.

బుట్ట అక్కడే వదిలేసి, కుక్కర్ మూత పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

వంటింట్లో వెర్డీ రెండు సీసాలూ అప్పటికే గిన్నెలో వంచేసింది. చెంచాతో కాస్త నీళ్ళు తీసి నోటి దాకా తెచ్చుకుంది. ట్విలా ఒక్క అంగలో వెళ్ళి ఆ మణికట్టు పట్టుకుంది. చెంచా ఎగిరి నేల మీద పడింది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అని అరిచింది వెర్డీ.

"నోట్లో పెట్టుకున్నావా? చెప్పమ్మా, పెట్టుకున్నావా?"

"ఉప్పు చూద్దామనుకున్నా. చూడనిచ్చావా?"

"ముందు చేతులు కడుక్కో." ట్విలా పొయ్యి ఆర్పేసింది. "అమ్మా, ఆగస్టులో ఈ బీన్స్ ఎందులో పట్టావు?"

"ఎందులో పడతారే? పెద్ద కుక్కర్లో."

ట్విలా మూత తిప్పి చూపించింది. "దీనికి గాస్కెట్ లేదు. నిరుడే నేను తీసేశాను. ఇది లేకపోతే మూత బిగుసుకోదు, ఆవిరి నిలబడదు. నీకు నాకంటే బాగా తెలుసు."

వెర్డీ ఆ గాడి వంక చూసింది. వేలు పెట్టి చుట్టూ తడిమింది. ఆమె మొహంలో ఒక్క క్షణం ఏదో మెదిలింది. అంతలోనే దవడ బిగించింది.

"నేను కుక్కర్లోనే పట్టాను. నాకు బాగా గుర్తుంది. నువ్వే తర్వాత తీసి ఉంటావు."

"డేగిసాలో నారలున్నాయమ్మా."

"ఉంటే ఉన్నాయి!"

"నీకు గుర్తు లేదని ఒప్పుకోవేం? ఒక్కసారి ఒప్పుకుంటే ఏం పోయింది?"

"ఏం పోతుందో నీకు తెలియదా?" అంది వెర్డీ. "నీకు నా గరిటె కావాలి, అంతే. అను మరి. ఆ మాట కూడా అనెయ్. 'అమ్మా, నువ్వు శ్రమపడకు, ఐసు సంచి పట్రా' అను! ఓపల్‌ని పంపినట్టు నన్నూ పంపించు!"

ట్విలాకి కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. వెర్డీ ఏప్రన్ విప్పి కుర్చీ మీదికి విసిరింది. విసిరిన చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

"డోర్సీ," అంది చిన్నగా.

"ఏమైంది?"

"మొన్న అక్టోబరులో వచ్చినప్పుడు ఈ సీసాలే ఆరు పట్టుకెళ్ళాడు."

ట్విలా ఆ సంగతే మరిచిపోయింది. అన్నయ్యకి తల్లి కట్టడి వర్తించదు. ఒహాయోలో తన ఇంటి గారేజీలో నిలబడి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ, చల్లటి బీన్స్ సీసాలోంచే ఫోర్కుతో తినడం అతనికి మహా ఇష్టం. ఉడికించడం కూడా ఉండదు. ఇంట్లో ఎవరు పక్కనుంటే వాళ్ళకి ఒక ముద్ద నోట్లో పెడతాడు. కూతురు బ్రెన్నా గర్భిణి, ఇప్పుడు ఆరో నెల.

ఫోన్ తీసింది. తెల్లవారుజామున జనెల్ పంపిన సందేశం ఉంది. పొద్దున పనిలో పడి చదవకుండా వదిలేసింది. "బయల్దేరాం. బ్రెన్నాకి ఒంట్లో బాగాలేదు, కళ్ళు తిరుగుతున్నాయంటోంది. నెమ్మదిగా వస్తాం."

ట్విలా అన్నయ్యకి ఫోన్ చేసింది. తర్వాత వదినకి, ఆ తర్వాత బ్రెన్నాకి. ఏదీ కలవలేదు. కొండ దారిలోకి వచ్చేశారంటే గంటన్నర దాకా సిగ్నల్ దొరకదు. ఆసుపత్రికి చేస్తే నర్సు ఎత్తింది. అంతా విని, "చూపు రెండుగా కనబడుతోందా? రెప్పలు వాలిపోతున్నాయా? మింగలేకపోతోందా? వీటిలో ఏ ఒక్కటున్నా క్షణం ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి" అంది. ఈ విషం ముందు కళ్ళనే పట్టుకుంటుందట.

ట్విలా గ్లవ్స్ తొడుక్కుని గిన్నెకి మూత పెట్టి, రెండు సంచుల్లో బిగించి వెనక వరండాలో పెట్టింది. గట్టంతా బ్లీచింగ్ నీళ్ళతో తుడిచింది. వంటింట్లో టర్కీ కమ్మటి వాసన, దాని మీద బ్లీచింగ్ వాసన. ఓవెన్ గంట మోగితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఎవరూ లేచి చూడలేదు.

వెర్డీ కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు వంకే చూస్తోంది.

"నోలా పోలియోతో పోలేదు," అంది.

నోలా వెర్డీ చెల్లెలు. ఆరేళ్ళప్పుడు పోయింది. హాల్లో ఫోటో ఉంది, ముందు పళ్ళు లేని నవ్వు. పోలియో అనే ట్విలా పుట్టినప్పటి నుంచీ వింటోంది.

"మా అమ్మ పెరట్లో కట్టెల మంట మీద, బట్టలుతికే తొట్టెలో పెట్టి మరిగించేది బీన్స్ సీసాలు. మూడు గంటలు. వాళ్ళమ్మా అంతే. ఏనాడూ ఏమీ కాలేదు. ఆ చలికాలం నోలా ఆకలేసి ఒక సీసా తెరుచుకుని చల్లగానే తినేసింది. మర్నాడు 'అక్కా, నువ్వు ఇద్దరిలా కనిపిస్తున్నావు' అంది. నేను నవ్వాను. ఆట అనుకున్నా. సాయంత్రానికి నీళ్ళు కూడా గొంతు దిగలేదు." వెర్డీ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. "డాక్టరు పోలియో అన్నాడు. అమ్మ సరేనంది. కానీ ఆ మర్నాడే మిగతా సీసాలన్నీ గోతిలో పాతిపెట్టడం నేను చూశాను. చొక్కాల ఫ్యాక్టరీలో చేరాక మొదటి జీతంతో కొన్నది ఆ కుక్కరే. గౌను కొనుక్కోలేదు, చెప్పులు కొనుక్కోలేదు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"అమ్మ మీద చెప్పినట్టవుతుందని." రోడ్డు మీంచి చూపు తిప్పింది. "ట్విలా, ఆ చప్పుడు నాకు వినబడిందే. మూత మీద గుండు గలగలలాడటం. కిటికీ అద్దాలకి ఆవిరి పట్టడం. ఆగస్టులోనే అనుకున్నా. ఒట్టు, ఆగస్టులోనే అనుకున్నా. అది ఏ ఏటిదో మరి."

ట్విలా వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. పొద్దున ఒప్పుకోమని అరిచింది తనే. ఇప్పుడు ఒప్పుకుంటుంటే వినలేకపోతోంది. ప్రపంచంలో ఎవరు మరిచిపోయినా తల్లి మరిచిపోకూడని సంగతి అది ఒక్కటే. ఆ ఒక్కటే మరిచిపోయింది.

పదకొండు దాటాక కారు మలుపు తిరిగింది. కోటు కూడా వేసుకోకుండా వెర్డీ పరుగులాంటి నడకతో బయటికి వెళ్ళింది. వెనక సీటులో బ్రెన్నా అద్దానికి తల ఆనించి ఉంది. మొహం పాలిపోయింది, రెప్పలు సగం వాలి ఉన్నాయి.

వెర్డీ తలుపు లాగి మనవరాలి గడ్డం పట్టుకుంది. "కళ్ళు తెరువు. నా వంక చూడు. నేనెంతమందిని?"

"ఏంటి నానమ్మా?"

"ఎంతమంది కనబడుతున్నానే? చెప్పు!"

"ఒక్కదానివే. నువ్వు ఒక్కదానివి చాలవా ఏంటి?"

"మింగగలుగుతున్నావా?"

"మింగుతూనే ఉన్నా, మలుపు మలుపుకీ కక్కుతూనే ఉన్నా. ఈ రోడ్డు చివర ఇల్లు కట్టిన మహానుభావుడెవరో కానీ!"

డోర్సీ కారు దిగి ఒళ్ళు విరుచుకుంటూ, "ఏంటమ్మా ఈ ప్రశ్నలు? చలిలో నిలబడి పరీక్షలు పెడుతున్నావు?" అన్నాడు.

"అన్నయ్యా, అక్టోబరులో తీసుకెళ్ళిన బీన్స్ తిన్నావా?" అంది ట్విలా.

"తినాలనే నాకూ ఉంది. ఎక్కడ! వచ్చిన వారానికే అయిపోయాయంది మీ వదిన. ఎప్పుడు అయిపోయాయో నాకే తెలియదు."

"అంటే తిన్నారా? ఎవరు తిన్నారు? వదినా!"

జనెల్ చిలగడదుంపల పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని కారు పక్కన కొయ్యబారి నిలబడింది. ముందు అత్తగారి వంక చూసింది, తర్వాత మొగుడి వంక. మెడ దాకా ఎర్రబడింది.

"ఎవరూ తినలేదు," అంది.

"అంటే?"

"గారేజీలో పెయింటు డబ్బాల వెనక దాచాను. ఆరూ అక్కడే ఉన్నాయి. మొన్న ఆదివారం కూడా చూశాను." ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, గబగబా చెప్పేసింది. "ఈయనకి బీపీ, అత్తయ్యా. డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. మీరేమో ఉప్పు దిట్టంగా వేస్తారు, ఈయనేమో ఒక్క పూటకి ఒక సీసా ఖాళీ చేస్తాడు. మీకు చెబితే బాధపడతారని, ఈయనకి చెబితే వినడని... నాలుగేళ్ళుగా ఇదే పని. ఏ ఏడువీ మా ఇంట్లో ఎవరూ తినలేదు. నన్ను తిట్టండి, పడతాను."

"నాలుగేళ్ళుగా?" అన్నాడు డోర్సీ. "నేనే తినేశానని నా మీదే పెట్టావు! నేనేమో మతిమరుపు వచ్చిందేమోనని హడలి చస్తున్నా!"

వెర్డీ కోడలి దగ్గరికి నడిచింది. జనెల్ అరడుగు వెనక్కి వేసింది. వెర్డీ ఆమె మొహాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుంది.

"దొంగముండా," అంది. "నా బీన్స్ ముట్టకుండా దాస్తావా? ఎంత దొంగవే నువ్వు! బంగారు తల్లివే!" నవ్వుతూ అంటోంది, కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పళ్ళెం ఇద్దరి మధ్యా నలిగి ఒక మూల మార్ష్‌మెల్లోలు వెర్డీ స్వెటర్‌కి అంటుకున్నాయి.

వచ్చినవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. లోపలికి వెళ్ళాక వెర్డీయే చెప్పింది. ట్విలా అందుకోబోతే చెయ్యి ఎత్తి ఆపింది. కుక్కర్, గాస్కెట్, డేగిసా, నోలా, అన్నీ చెప్పింది. "నేను కుక్కర్లో పట్టాననుకున్నాను. పట్టలేదు. పట్టలేదన్న సంగతి నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు," అని ముగించింది.

బ్రెన్నా కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. డోర్సీ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా," అన్నాడు, మెత్తగా. ఆ మెత్తదనం ట్విలాకి బాగా తెలుసు. "అమ్మా, వచ్చే ఏడాది నుంచి నువ్వేం శ్రమ..."

"గాస్కెట్ తీసింది నేను," అంది ట్విలా. "ఏడాదిగా నా కారులో పడుంది. అమ్మ కుక్కర్ తీసినప్పుడు మూత బిగుసుకుని ఉండదు, అందుకే డేగిసా పెట్టి ఉంటుంది. ఒంటరిగా ఉంది. నేను ఆసుపత్రిలో ఉన్నాను, నా మీద బెంగతో ఉంది. అమ్మని అనేముందు నన్ను అను."

డోర్సీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గ్లవ్స్ అడిగి కింది గదికి వెళ్ళాడు. ఆగస్టు సీసాలన్నీ ఒక్కటీ తెరవకుండా సంచుల్లో మూటలు కట్టాడు. ఒహాయో వెళ్ళగానే ఆ ఆరింటినీ అలాగే చేస్తానన్నాడు. మూటలు బయటికి మోస్తున్నంతసేపూ వెర్డీ మెట్ల పైన నిలబడి లెక్కపెట్టింది.

రెండింటికి భోజనాలకి కూర్చున్నారు. టర్కీ సంగతి అందరూ మరిచిపోవడంతో అది అట్టలా ఎండిపోయింది. డ్రెస్సింగ్ ఉంది, ఆలుగడ్డ ముద్ద ఉంది, ఒక మూల బోడిగా ఉన్న చిలగడదుంపలు ఉన్నాయి. బీన్స్ గిన్నె ఉండాల్సిన చోట జనెల్ అలమారలో వెతికి తెచ్చిన డబ్బా బఠాణీలు వేడి చేసి పెట్టింది. అందరికంటే ముందు వెర్డీయే వడ్డించుకుంది. ఒక చెంచా తిని మొహం చిట్లించింది.

"ఉప్పు లేదు," అంది.

"లేదు," అన్నాడు డోర్సీ విచారంగా. బ్రెన్నా ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. గిన్నెలు చేతులు మారాయి. మాటలు మళ్ళీ మొదలయ్యాయి. పుట్టబోయే బిడ్డ పేరు మీద తండ్రీకూతుళ్ళు వాదులాడుకుంటున్నారు.

ఆ సందడిలో వెర్డీ పక్కకి ఒరిగి ట్విలా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు గట్టిగా ఉంది.

"సోమవారం నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు," అంది, ఆమెకి మాత్రమే వినబడేలా. "ఆ పరీక్షలేవో చేయించు. సోమవారం నాటికి నేను మళ్ళీ రానంటాను. నాకేం బాగానే ఉన్నానంటాను. నిన్ను తిడతాను. నా గరిటె లాక్కుంటున్నావని కూడా అంటాను. వినకు."

"అమ్మా..."

"ఇలా అడిగానని నాకు గుర్తుండకపోవచ్చే. నువ్వు గుర్తుపెట్టుకో."

ట్విలా తల ఊపింది. బల్ల కింద తల్లి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. గ్రేవీ ఇటు పంపమని డోర్సీ రెండుసార్లు అడిగినా ఆ చెయ్యి వదల్లేదు.